సన్నబడ్డాక పాత జీన్స్ బిగించుకోవాలా, కొత్తవి చూసుకోవాలా? పొట్టిగా ఉన్నవాళ్లు చెప్పండి

అనంత_స్కూటీ
అందరికీ నమస్తే. మాది అనంతపురం. నా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. పోయినేడు 66 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 52. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున నడక, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. నడుము 34 నుంచి 28కి వచ్చింది. ఉద్యోగరీత్యా రోజూ పల్లెలకు స్కూటీ మీద తిరగాలి, అందుకని నాకు జీన్సే సుఖం.

పాతవన్నీ బెల్టు పెట్టినా జారుతున్నాయి. కొత్తది 28 సైజు కొంటే నడుము సరిపోయింది కానీ పైన పక్కటెముకల దాకా వస్తోంది. మోకాలి దగ్గర ఉండాల్సిన బిగువు పిక్క మీదికి దిగింది. కింద జానెడు గుడ్డ మడవాల్సి వస్తోంది. కూర్చుంటే వెనక నడుము దగ్గర పిడికిలి పట్టేంత సందు. పిల్లల సెక్షన్‌లోనూ చూశాను, పొడవు సరిపోయినా తొడల దగ్గర ఎక్కలేదు. టవర్ క్లాక్ దగ్గర ఒక టైలర్ పాతవి ఒక్కోటి 150కి బిగించిస్తానన్నాడు. చిరగనివి, రంగు పోనివి ఐదు ఉన్నాయి. బిగించుకోమంటారా?

కర్నూలు_కోడలు
బిగించుకో చెల్లీ, ఇందులో ఆలోచించేదేముంది? ఐదింటికి 750. ఆ డబ్బుకు మంచి జీన్స్ ఒక్కటి కూడా రాదు. నేను రాజ్‌విహార్ దగ్గర ఇచ్చి నాలుగు అంగుళాలు తగ్గించుకున్నాను, బ్రహ్మాండంగా వచ్చింది. ఒక్కటి మాత్రం టైలర్‌కు గట్టిగా చెప్పు: లోపలి గుడ్డ కత్తిరించకూడదు, మడిచి కుట్టాలి.

గుత్తి_బుల్లెట్
ఎలాస్టిక్ వేయించుకుంటే సరి కదప్పా.

రాయదుర్గం_కటింగ్
మేడమ్, నేను రాయదుర్గంలో జీన్స్ కటింగ్ టేబుల్ మీద పనిచేస్తాను. తెలిసింది చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నడుము తగ్గించాలంటే వెనక మధ్యలో బెల్టు, అంటే ప్యాంటుకే కుట్టి ఉండే నడుము పట్టీ విప్పి, దాని కింద ఉండే యోకు ముక్క, సీటు కుట్టు విప్పి లోపలికి తీస్తారు. ఒకటిన్నర, మహా అయితే రెండు అంగుళాల దాకా బాగుంటుంది. మీకు కావాల్సింది ఆరు. మామూలు జీన్స్‌లో వెనక రెండు జేబుల మధ్య రెండున్నర, మూడు అంగుళాల సందు ఉంటుంది. నడుములో నాలుగు అంగుళాలు తీస్తే జేబుల పైమూలలు ఒకదానికొకటి తగులుకుంటాయి. పక్క కుట్లు వెనక్కి జరుగుతాయి, ముందు జేబులు తొడ పక్కకు లాగేస్తాయి. ఇంతా చేశాక తొడ, మోకాలు, బాటమ్ అన్నీ 34 సైజువే, లూజుగానే ఉంటాయి.

అసలు కష్టం రైజ్‌ది. అంటే కాళ్ల మధ్య కుట్లు కలిసే చోటు నుంచి బెల్టు పైఅంచు దాకా ఉండే కొలత. మీ ఎత్తుకు అది మామూలు దానికంటే అంగుళం తక్కువ ఉండాలి. దాన్ని తగ్గించాలంటే బెల్టు మొత్తం ఊడదీసి, పైన కోసి, జిప్పు పొట్టిది మార్చాలి. 150కి ఎవరూ చేయరు. చేస్తానన్నాడంటే నడుము ఒక్కటే పట్టి ఇస్తాడు.

పొడవు తగ్గించడం మాత్రం సులువే. స్ట్రెయిట్ కట్ అయితే కింద కోసినా ఆకారం పోదు. బూట్‌కట్ కింద వెడల్పుగా ఉంటుంది, కోస్తే ఆ వెడల్పే పోతుంది.

కర్నూలు_కోడలు
అన్నా, మీరు కుట్టేవాళ్లు కాబట్టి కొత్తవి కొనమనే చెప్తారు. నాలుగు అంగుళాలు తగ్గించి వేసుకున్న మనిషిని నేనే చెప్తున్నాను కదా, వచ్చింది అని.

రాయదుర్గం_కటింగ్
ఆ జీన్స్ తీసి, జేబుల మధ్య టేపు పెట్టి కొలిచి చెప్పండక్కా.

కర్నూలు_కోడలు
జేబులు ఎవరు చూస్తారు? పైన కుర్తీ వేసుకుంటాం. కొలిచాను, అర అంగుళం ఉంది. ఉంటే ఏం?

రాయదుర్గం_కటింగ్
అర అంగుళం అంటే నేను చెప్పిందే జరిగింది కదక్కా.

కర్నూలు_కోడలు
తగులుకుంటాయన్నారు. తగల్లేదు. అర అంగుళం ఉంది.

హిందూపురం_పెద్దాయన
జీన్స్ ఎందుకమ్మా, మన ఎండలకు కాటన్ ప్యాంటు హాయి కదా.

అనంత_స్కూటీ
పొలాల గట్ల మీద, కంపచెట్ల మధ్య తిరిగే పని సార్. సన్న ప్యాంటు వారం నిలవదు. జీన్స్ వేసుకోవాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు.

కడప_లెక్కలు
టైలర్‌ను, కొనేవాళ్లను అనడం దేనికి? తప్పు సైజుల్లోనే ఉంది. ఈ ప్యాంటు పుట్టిందే మగ కూలీల కోసం. రాగి రివెట్లకు పేటెంట్ 1873లో వస్తే, లీవైస్ వాళ్లు ఆడవాళ్లకని విడిగా జీన్స్ తెచ్చింది 1934లో. మన దగ్గర దొరికే సైజులు ఎక్కువగా అమెరికా, యూరప్ కొలతల మీద నడిచినవే. అక్కడ 5 అడుగుల 4 అంగుళాల లోపు వాళ్లకు పెటీట్ అని వేరే కటింగ్ ఉంటుంది, ఇన్‌సీమ్ అంటే కాలి లోపలివైపు కుట్టు పొడవు 27, 28 అంగుళాలు. ఇక్కడ మన ఆడవాళ్లలో సగం మందికి పైగా ఆ ఎత్తు లోపే ఉన్నా షాపులో మాత్రం అన్నీ 30, 32 ఇన్‌సీమ్‌లే. మన కొలతలు మనకు ఉండాలని ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థ వాళ్లు ఇండియాసైజ్ అని సర్వే మొదలుపెట్టారు. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని 3డీ స్కానర్లతో కొలవాలన్నది ప్రణాళిక. ఆ కొలతలు షాపుల దాకా వచ్చేవరకు ఈ చర్చ తెగదు.

తాడిపత్రి_అమ్మణ్ణి
అంతవరకు ఆమె ఏం వేసుకోవాలన్నా?

కడప_లెక్కలు
ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు నడుము ఒక్కటే చూడకుండా ఇన్‌సీమ్, ఫ్రంట్ రైజ్ రెండూ రాసి ఉన్నవే కొనాలి. రాయనివి వదిలేయాలి. ఏడు రోడ్ల దగ్గర ఒక షాపులో మా ఇంటావిడ రైజ్ ఎంత అని అడిగితే, 'వేసి చూసుకోండి మేడమ్' అన్నారు. వేసి చూస్తే అద్దం ముందు ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, ఇంటికొచ్చి నేల మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది. ఆ జీన్స్ మార్చుకోనివ్వలేదు. ఇప్పటికీ బీరువాలో ఉంది.

రాయదుర్గం_కటింగ్
అన్న చెప్పింది నిజం. సాగే గుడ్డతో ఇంకో జాగ్రత్త. ఎలాస్టేన్, అంటే సాగే దారం ఒకటి, రెండు శాతం ఉంటే చాలు. అంతకు మించితే పొద్దున బిగువుగా ఉండి సాయంత్రానికి మోకాళ్ల దగ్గర, సీటు దగ్గర సంచిలా దిగుతుంది. సాగే గుడ్డది కొంచెం టైటుగా ఉన్నప్పుడే కొనాలి. పూర్తి కాటన్ అయితే ఒకసారి ఉతికాకే పొడవు కోయించాలి, ముందే కోయిస్తే కుంచించుకుపోయి పొట్టిదవుతుంది.

ఇంకోటి. కర్నూలు అక్క లోపలి గుడ్డ ఉంచమన్నారు. జీన్స్ గుడ్డ దళసరి. వెనక మధ్యలో అంత గుడ్డ మడిచి కుడితే బెల్టు దగ్గర పొర మీద పొర గట్టిగా ముద్ద కడుతుంది. గంటలకొద్దీ స్కూటీ మీద కూర్చునే మనిషికి అది సరిగ్గా తోకఎముక పైన గుచ్చుకుంటుంది. బిగిస్తే కోసెయ్యాల్సిందే.

కర్నూలు_కోడలు
కోస్తే అయిపోయింది ఇక! గుచ్చుకుంటే నాలుగు రోజులు గుచ్చుకుంటుంది. గుడ్డ ఉంటే రేపు విప్పుకోవచ్చు.

అనంత_స్కూటీ
విప్పుకోవడం ఎందుకక్కా?

కర్నూలు_కోడలు
ఎందుకేముంది చెల్లీ, బరువు తిరిగొస్తే? తగ్గిన ప్రతివాళ్లూ మొదట్లో ఇలాగే ఉంటారు. ఏడాది తిరిగాక చూడు.

అనంత_స్కూటీ
నేను ఫిట్టింగ్ గురించి అడిగాను. నేను మళ్లీ లావవుతానా లేదా అని ఎవరినీ అడగలేదు.

ఇంట్లో వినీవినీ విసుగొచ్చింది. మా అత్తమ్మ ఆ ఐదు జీన్స్ మూట కట్టి అటక మీద పెట్టించింది, 'ఉండనీలే, మళ్లీ కావాల్సొస్తాయి' అని. కొత్త బట్టలు కొనుక్కుంటానంటే మా ఆయన 'ఇంకో ఆర్నెల్లు చూద్దాం' అంటాడు. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరమ్మ చెప్పాక మొదలుపెట్టిన నడక నాది. ఇంట్లో ఎవరూ లేవకముందే లేచి, వంట చేసి పెట్టి, చీకట్లో గ్రౌండుకు పోయేదాన్ని. అంత చేశాక కూడా నా మీద నమ్మకం లేనిది ఇంట్లోవాళ్లకే అనుకున్నాను. ముక్కూమొహం తెలియని మీరూ అదే మాట అంటున్నారు.

గుత్తి_బుల్లెట్
కర్నూలు అక్కా, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కర్నూలు_కోడలు
నువ్వు ఎలాస్టిక్ సలహా ఇచ్చినవాడివి, ఊరుకో అబ్బీ.

చెల్లీ, నీ మీద నమ్మకం లేక అన్న మాట కాదు. మా తమ్ముడి పెళ్లికి ముందు నేనూ 12 కిలోలు తగ్గాను. ఆ సంతోషంలో పాతవన్నీ పంచేశాను. ఉన్న జాకెట్లన్నీ కోయించి బిగించుకున్నాను, లోపల అంగుళం కూడా మిగల్చకుండా. తర్వాత థైరాయిడ్ బయటపడింది. తిండి పెరగలేదు, ఒళ్లు మాత్రం పెరిగింది. మరిది పెళ్లినాడు బీరువా తెరిస్తే ఒక్క జాకెట్టూ చేతుల దగ్గర ఎక్కలేదు. మా అమ్మ జాకెట్టు తెప్పించుకుని, నప్పని చీర మీద వేసుకుని పీటల పక్కన నిలబడ్డాను. తోడికోడలు పదిమందిలో 'అక్క సైజు మళ్లీ మారిందే' అంది. ఆ రోజు నుంచి నేను ఏ బట్టా కోయనివ్వను. ఇది నీకు శాపం పెట్టడం కాదు, నాలా నిలబడాల్సి రాకూడదని.

తాడిపత్రి_అమ్మణ్ణి
ఇదా అక్కా అసలు సంగతి. జేబుల మధ్య అర అంగుళం గురించి ఇంతసేపు కొట్లాడారే.

అనంత_స్కూటీ
మీ బాధ అర్థమైంది అక్కా. నిజంగా. కానీ మీకు గుడ్డ ఉంటే ధైర్యం. నాకు ఆ మూట అటక మీద ఉంటే భయం. రోజూ దాని కింద నుంచే వంటింట్లోకి పోవాలి. తిరిగి లావైతే వేసుకోవడానికి బట్టలు ఉన్నాయి అన్న ఆలోచనే నాకు వద్దు.

కర్నూలు_కోడలు
ఒళ్లు మన ఆలోచన వింటుందా చెల్లీ? నా థైరాయిడ్ నన్ను అడిగి వచ్చిందా?

అనంత_స్కూటీ
వినకపోతే ఆ రోజు వెళ్లి పెద్ద సైజు కొనుక్కుంటాను. షాపులో 34 ఎప్పుడూ దొరుకుతుంది. దొరకనిది ఇప్పటి నా సైజే.

రాయదుర్గం_కటింగ్
మేడమ్, మీ ఇద్దరి మధ్యలోకి రావడం లేదు. పని సంగతి ఒక్కటి. మీరు ఇంకా తగ్గుతూనే ఉంటే కొన్నా, కొలతిచ్చి కుట్టించుకున్నా ఒకేసారి నాలుగైదు వద్దు. బరువు మూడు, నాలుగు నెలలు ఒకేచోట నిలిచేదాకా ఒకటి, రెండు చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను కుట్టేవాణ్ని కాబట్టి కొత్తవి కొనమంటానని అన్నారు ఇందాక. మా ఊళ్లో ఇంటింటా మెషిన్లే, ఆడవాళ్లు ఇంటి దగ్గర కూర్చుని లూపులు, జేబులు కుడతారు. గంటన్నర దారిలో బళ్లారి, అదీ జీన్స్ ఊరే. మేము కుట్టిన ప్యాంటును ఎవరో 150కి పట్టి పాడుచేస్తే, జనం 'రాయదుర్గం సరుకు ఇంతే' అంటారు. ఆ మాట పడలేక చెప్పాను.

కడప_లెక్కలు
ఒక్క పీస్ కొలత ఇచ్చి కుట్టించుకోవడం కుదురుతుందా అన్నా? పెద్ద యూనిట్లు వందల్లో తప్ప ముట్టవు కదా.

రాయదుర్గం_కటింగ్
యూనిట్లలో కుదరదు. చిన్న షాపులు, ఇంటి దగ్గర కుట్టేవాళ్లు చేస్తారు. డబుల్ కుట్టు వేసే మెషిన్ ఉందా అని అడిగి ఇవ్వండి, లేకపోతే ఇన్‌సీమ్ బలంగా రాదు. కొలతలు ఇవి రాసుకోండి: నడుము మీరు కట్టుకునే చోట, సీటు అన్నిటికంటే వెడల్పున్న చోట, తొడ, మోకాలు, ఇన్‌సీమ్. కుర్చీలో కూర్చుని నడుము నుంచి కుర్చీ పలక దాకా పక్కగా ఒక కొలత, రైజ్ లెక్కకు అది కావాలి. నడుము ఎక్కడ కొలవాలో తెలియకపోతే సన్న తాడు కట్టి వంగి లేవండి, తాడు ఆగిన చోటే నడుము. వెనక సందు రాకుండా బెల్టును తిన్నని పట్టీలా కాకుండా వంపు కటింగ్‌లో వేయమనండి. సీటుకూ నడుముకూ తేడా ఎక్కువున్న వాళ్లకు వంపు బెల్టే కూర్చుంటుంది.

అనంత_స్కూటీ
రాసుకున్నాను అన్నా. నడుము 28, సీటు 36, ఇన్‌సీమ్ 26. ఒక్కటి కుట్టిస్తాను, స్ట్రెయిట్ కట్. పాతవాటిలో రెండు మా ఆడబిడ్డకు సరిపోతాయి, ఇచ్చేస్తాను. మిగతావి ఎవరికైనా.

కర్నూలు_కోడలు
నీ ఇష్టం చెల్లీ. ఆ కొత్తదాంట్లో అయినా పక్క కుట్ల లోపల ముప్పావు అంగుళం వదలమని చెప్పు. అది గుచ్చుకోదు కూడా.

అనంత_స్కూటీ
వదలమని చెప్పను అక్కా.