‘అండ్ ఇట్ కేమ్ టు పాస్’కి తెలుగు ఏమిటి?

సంధిబంధం:
మోర్మన్ మతస్థుల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథం ఇంగ్లీషు పాఠంలో ఈ మాట (‘ఇలా జరిగింది’ అని అర్థం) అడుగడుగునా తగులుతుంది. అందులోని మొదటి పుస్తకం 1 నీఫై రెండో అధ్యాయంలో మొదటి నాలుగు వచనాల్లోనే నాలుగుసార్లుంది. తెలుగు చేసేటప్పుడు ‘జరిగినదేమనగా’ అనాలా, ‘సంభవించెను’ అనాలా, లేక వదిలేయాలా?

పాతపుస్తకం:
ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. 1830లో న్యూయార్క్ రాష్ట్రం పాల్మైరాలో జోసెఫ్ స్మిత్, పాతకాలపు లోహపు రేకుల మీది రాతకు అనువాదమని చెప్పి, 5,000 ప్రతులు అచ్చువేయించిన ఈ గ్రంథానికి 1611 నాటి ఇంగ్లీషు అనువాదమైన కింగ్ జేమ్స్ బైబిలు వరస ఉంది. ఈ పదబంధం అక్కడిదే. దాని వెనక హీబ్రూలో ఉన్నది ఒకే పదం, ‘వయ్‌హీ’. వావ్, యోద్, హే, యోద్: నాలుగే అక్షరాలు. ఇంగ్లీషులో అది ఐదు పదాలైంది.

మోర్మన్ గ్రంథంలో ఇది 1,300 పైచిలుకు సార్లు వస్తుంది. 1837 కూర్పులో స్మిత్ కొన్ని తీసేసిన తర్వాత కూడా అన్ని మిగిలాయి. ఈ మాట తీసేస్తే పుస్తకం కరపత్రమంత అవుతుందని మార్క్ ట్వేన్ 1872లో వెక్కిరించాడు. లోహపు రేకుల మీద చెక్కడం కష్టమని యాకోబు 4:1లో గ్రంథమే చెప్పుకుంటుంది కదా, మరి ఇన్నిసార్లు ఎందుకు చెక్కారని అడిగేవాళ్లుంటారు. మూలంలో చిన్న పదమే గనక బరువు కాలేదని విశ్వాసుల జవాబు. స్మిత్ చెవిలో కింగ్ జేమ్స్ బైబిలు మోగుతూ ఉండేదని బయటివాళ్ల జవాబు. మన ప్రశ్నకు ఈ తగువు తేలనక్కర్లేదు లెండి.

వాక్యశేషం:
సంధిబంధం గారూ, మీరు చెప్పిన మొదటి రెండూ పనికిరావు.

‘సంభవించెను’ అనగానే ఇవాళ్టి పాఠకుడికి ప్రమాదమో మరణమో గుర్తొస్తుంది. ‘జరిగినదేమనగా’లోని ‘ఏమనగా’ వెనక పెద్ద కబురు వస్తుందని ఆశ పెడుతుంది. తీరా వచ్చేది ‘అతడు గుడారము వేసెను’. నాలుగు వచనాల్లో నాలుగుసార్లు అలా ఊరిస్తే నవ్వొస్తుంది. ‘నెరవేరెను’ అని రాసేవాళ్లూ ఉన్నారు, అది అసలే తప్పు. ప్రవచనం నిజమైనప్పుడు వాడే అర్థం వేరు, కథ ముందుకు జరిగేటప్పటి అర్థం వేరు.

మన పాత బైబిలు అనువాదకులు ఏం చేశారో రూతు 1:1లో చూడండి: ‘న్యాయాధిపతులు ఏలిన దినములయందు దేశములో కరవు కలుగగా...’ హీబ్రూలో ఈ కాస్త వాక్యంలోనే రెండు ‘వయ్‌హీ’లున్నాయి. మొదటిది ‘దినములయందు’లో కలిసిపోయింది. రెండోది ‘కలుగగా’ అయింది. ఆదికాండము 4:8 కూడా అంతే. ఇంగ్లీషులో ఈ పదబంధం ఉన్న చోట తెలుగులో ‘వారు పొలములో ఉన్నప్పుడు’ అని ఊరుకున్నారు.

అంటే అది కథకు అతుకు, సమాచారం కాదు. తెలుగులో ఆ అతుకు క్రియ చివర ఉంటుంది.

1 నీఫై 2:2–4 పట్టుకుని చేసి చూద్దాం (ఇది నా మాటల్లో, అచ్చు పాఠం కాదు): ‘కుటుంబముతో అరణ్యమునకు వెళ్లుమని ప్రభువు కలలో నా తండ్రికి ఆజ్ఞాపింపగా, అతడు ఆ మాటకు లోబడి, ఇంటిని, వెండి బంగారములను విడిచి అరణ్యమునకు బయలుదేరెను.’ ఇంగ్లీషులోని మూడు పదబంధాలూ -గా, -ఇ ప్రత్యయాల్లో ఇమిడిపోయాయి.

జాగ్రత్త పడాల్సింది ఆ రెంటి మధ్యే. కర్త మారితే -గా, మారకపోతే -ఇ. ‘ఆజ్ఞాపింపగా’ బదులు ‘ఆజ్ఞాపించి’ అన్నామా, ప్రభువే మూటాముల్లె సర్దుకుని అరణ్యానికి బయలుదేరతాడు!

సంధిబంధం:
బాగుందండీ. కానీ మీరు మూడు వచనాలు కలిపేశారు. ఉపదేశంలో ‘2:3 చదవండి’ అంటే ఎక్కడ వెతుక్కోవాలి?

వాక్యశేషం:
నిజమే, అది అసలైన చిక్కు. వచన సంఖ్యను కదపకూడదు. 2:2ను ‘ఆజ్ఞాపింపగా,’ దగ్గర కామాతో ఆపి 2:3ను ‘అతడు’తో మొదలుపెట్టవచ్చు. తెలుగు బైబిల్లో వచనం అసమాపక క్రియతో ఆగడం కొత్తేమీ కాదు. అయితే గొలుసు రెండు వచనాలు దాటకూడదు. దాటితే గట్టిగా చదివేవాడికి ఊపిరి అందదు, వినేవాడు కర్తను మరిచిపోతాడు.

పాతపుస్తకం:
ఈ వచన సంఖ్యలు 1830 కూర్పులో లేవు. పొడుగు అధ్యాయాలూ పేరాలే ఉండేవి. ఇప్పటి అధ్యాయ, వచన విభజన మోర్మన్ నాయకుడు ఆర్సన్ ప్రాట్ 1879లో చేసింది. అసలు అచ్చుకిచ్చిన రాతప్రతిలో విరామ చిహ్నాలే దాదాపు లేవు. వాటిని పెట్టింది అక్షరాలు కూర్చిన జాన్ గిల్బర్ట్. కాబట్టి కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్నదాంట్లో అనువాదకుడు మరీ భయపడనక్కర్లేదు.

అన్నీ కలిపేయాలంటే మాత్రం ఒప్పుకోను. స్థలమో కాలమో నిజంగా మారిన చోట ఒక గుర్తు ఉండాలి. ‘అంతట’, ‘ఇట్లుండగా’, ‘కొంతకాలమునకు’ మనకున్నవే. భాగవతం గద్యభాగాల్లో ‘అంత’ చేసే పని ఇదే. ప్రతి వాక్యం ముందూ ‘మరియు’ తగిలించడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంకో మెలిక. 2 నీఫై 12 నుంచి 24 వరకు యెషయా 2–14 అధ్యాయాలే, కొద్ది మార్పులతో. అక్కడ ఈ పదబంధం భవిష్యత్తులో వస్తుంది, హీబ్రూలో ‘వహాయా’. తెలుగు బైబిలు యెషయా 2:2 సూటిగా ‘అంత్యదినములలో’ అని మొదలవుతుంది, ఆ పదానికి విడిగా మాటే లేదు. 2 నీఫై 12:2లో మనం ‘జరుగునదేమనగా’ అని చేర్చామనుకోండి, రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాడు మోర్మన్ గ్రంథం అక్కడ ఏదో కొత్తమాట కలిపిందనుకుంటాడు. ఆ పదబంధం వరకు ఇంగ్లీషులో రెంటికీ తేడా లేదు.

సంధిబంధం:
అయితే యెషయా అధ్యాయాలకు తెలుగు బైబిలు ముందు పెట్టుకుని మొదలుపెడతాను. కథాభాగాల్లో ముందు కర్త మారే చోట్లన్నీ పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆ తర్వాతే క్రియల జోలికి వెళ్తాను.