స్పెయిన్ గ్రహణానికి టెలిస్కోప్ తీసుకెళ్తున్నా, తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్ కస్టమ్స్‌లో ఇబ్బంది అవుతుందా?

అడిగింది: రిఫ్రాక్టర్_హైద్

అందరికీ నమస్తే. 2026 ఆగస్టు 12 సంపూర్ణ సూర్యగ్రహణానికి హైదరాబాద్ నుంచి మేం కొంతమందిమి స్పెయిన్ వెళ్తున్నాం, బుర్గోస్ దగ్గర ఒక పల్లెలో అక్కడి ఆస్ట్రానమీ హాబీ వాళ్లతో కలిసి చూడాలని ప్లాన్. వీసా, టికెట్ల సంగతి ఎలాగో చూసుకుంటాం గానీ నా టెన్షనంతా సామాను గురించే. 80 ఎంఎం రిఫ్రాక్టర్ (అద్దం కాకుండా లెన్స్‌తో పనిచేసే టెలిస్కోప్), డీఎస్ఎల్ఆర్ కెమెరా, 400 ఎంఎం లెన్స్, స్టార్ ట్రాకర్ (ఆకాశం కదలికకి తగ్గట్టు కెమెరాని మెల్లగా తిప్పే మోటారు), ట్రైపాడ్, ఒక 12 వోల్టుల 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ ఉన్నాయి. టెలిస్కోప్ బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, బిల్లు లేదు. అక్కడ దిగాక ఆపుతారా, ఇక్కడికి తిరిగొచ్చాక "ఇది బయట కొన్నావ్, డ్యూటీ కట్టు" అంటారా? ఇలా వెళ్లొచ్చిన వాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

జవాబు: పాలపుంత

బ్రదర్, వెళ్లేటప్పుడు కన్నా వచ్చేటప్పుడే జాగ్రత్త. స్పెయిన్ వైపు పెద్ద గొడవేం ఉండదు, ప్రయాణికుడు తన వాడకానికి తెచ్చుకుని మళ్లీ వెంట తీసుకెళ్లిపోయే వస్తువుల్ని యూరప్ కస్టమ్స్ తాత్కాలికంగా డ్యూటీ లేకుండానే రానిస్తుంది, గ్రీన్ చానల్లోంచి (డిక్లేర్ చెయ్యాల్సిందేం లేనివాళ్ల దారి) నడిచి వెళ్లడమే డిక్లరేషన్ కింద లెక్క. అడిగితే మాత్రం గ్రహణం చూడ్డానికి వచ్చాం, ఫలానా తేదీకి తిరుగు టికెట్ ఉంది అని చూపించండి. ఒకే రకం వస్తువులు రెండు మూడు సీల్ తియ్యని బాక్సుల్లో పెట్టుకెళ్తేనే అమ్మడానికేమో అని అనుమానం వస్తుంది.

మన వైపు చెయ్యాల్సింది ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవడం. చాలామందికి దీని గురించి తెలీదు, తెలిసినవాళ్లు కూడా ఆఖరి నిమిషంలో టైం లేక వదిలేస్తారు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే పైసా ఖర్చు లేని పనికి బద్ధకించి తిరిగొచ్చాక కౌంటర్ దగ్గర గంటలు గంటలు నిలబడతారు. విదేశాలకి వెళ్లేటప్పుడు ఖరీదైన వస్తువుల్ని ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి చూపిస్తే, వివరాలన్నీ రాసి సర్టిఫికెట్ ఇస్తారు, అది ఉంటే ఇవి ఇక్కడి నుంచి తీసుకెళ్లినవే అని తేలిపోతుంది. మర్చిపోకూడనిది ఒక్కటే, వస్తువుని వాళ్లు కళ్లతో చూడాలి. అంటే సూట్‌కేస్ బెల్టు మీద పెట్టి పంపించేశాక వెళ్తే లాభం లేదు, చెక్-ఇన్‌కి ముందే కస్టమ్స్ ఆఫీసర్ ఎక్కడున్నారో కనుక్కుని వెళ్లాలి. మామూలు కన్నా ఒక గంట ముందు ఎయిర్‌పోర్టులో ఉండండి.

ముందే ఒక కాగితం మీద లిస్టు టైప్ చేసి రెండు ప్రింట్లు పెట్టుకోండి. వస్తువు, కంపెనీ, మోడల్, సీరియల్ నెంబర్, పక్కన ఫోటో. కెమెరాకి నెంబర్ అడుగున ఉంటుంది, లెన్స్‌కి కెమెరాకి బిగించే చోట. చిన్న రిఫ్రాక్టర్లకి చాలావాటికి నెంబరే ఉండదు, అప్పుడు ట్యూబ్ మీదున్న గీత, ఫోకసర్ (ఫోకస్ సరిచేసే భాగం) దగ్గర పోయిన రంగు అలాంటివి దగ్గర్నుంచి ఫోటో తీసి లిస్టులో రాయండి. బిల్లు లేదన్నారుగా, అమ్మినాయన చేత ఒక సంతకం కాగితం, డబ్బులు పంపిన బ్యాంక్ స్టేట్‌మెంట్, మీ డాబా మీద అదే స్కోప్‌తో దిగిన పాత ఫోటోలు పెట్టుకోండి. చివరికి నిర్ణయం ఆఫీసర్‌దే, కాకపోతే చేతిలో కాగితాలుంటే మాట తేలిగ్గా నడుస్తుంది.

జవాబు: వోల్టు_ఆంపియర్

ఆ 20 ఏహెచ్ బ్యాటరీ ఇంట్లో పెట్టేసి వెళ్లండి అన్నా. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 12.8 ఇంటూ 20, అంటే 256 వాట్ అవర్లు. 100 దాకా క్యాబిన్లో అడక్కుండా తీసుకెళ్లొచ్చు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అది కూడా రెండే, 160 దాటితే విమానంలోకే రానివ్వరు. ఫోన్లకి వాడే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 74 వాట్ అవర్లే, ట్రాకర్ యూఎస్‌బీతో నడిచేదైతే అది చాలు. స్పేర్ బ్యాటరీలు ఏవైనా సరే చెక్-ఇన్ బ్యాగులో పెట్టొద్దు, కొనలకి టేప్ వేసి హ్యాండ్ లగేజీలో పెట్టుకోండి. పవర్ బ్యాంక్ మీద అంకెలు అరిగిపోయి కనపడకపోతే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు.

జవాబు: కార్నే_ఉంది_కదా

ఏటీఏ కార్నే (సామాన్ని డ్యూటీ లేకుండా తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం) తీసుకుంటే సరిపోతుంది కదండీ? మన దేశంలో వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది, రెండు వైపులా కస్టమ్స్ దానిమీదే స్టాంప్ వేస్తారు.

జవాబు: పాలపుంత

సార్, కార్నే మంచిదే, ఎగ్జిబిషన్లకి స్టాల్ సామాను పట్టుకెళ్లేవాళ్లకి, సినిమా యూనిట్లకి అది తప్పనిసరి లాంటిది. కానీ ఫీజు కాక సెక్యూరిటీ కూడా కట్టాలి, ప్రతి బోర్డర్‌లో స్టాంప్ వేయించుకోవాలి, ఒక్క చోట మిస్సయినా తర్వాత క్లెయిమ్ తలనొప్పి. ఒక మనిషి ఒక టెలిస్కోప్‌తో వెళ్లడానికి అంత అక్కర్లేదు అని నా అభిప్రాయం. అదే మీ క్లబ్ తరఫున టెలిస్కోపుల్ని నిలబెట్టే పెద్ద మౌంట్లు కార్గోలో పంపుతున్నారంటే అప్పుడు కార్నే సంగతి ఆలోచించాలి.

జవాబు: ఇర్వింగ్_నుంచి_అక్క

తమ్ముడూ, 2024 ఏప్రిల్ 8న ఇక్కడ డాలస్‌లో దాదాపు 3 నిమిషాల 50 సెకన్లు చూశాం, మబ్బుల మధ్యలోంచే అయినా ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మీకు బుర్గోస్‌లో సంపూర్ణ దశ 1 నిమిషం 45 సెకన్ల లోపే ఉంటుంది, అందుకని సామాను తగ్గించుకో అని చెప్తున్నా. ట్రాకర్ ఎందుకు? సూర్యుడు తన వ్యాసమంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది, నీ 400 ఎంఎం లెన్స్‌తో ఫ్రేమ్ వెడల్పు మూడు డిగ్రీల పైనే వస్తుంది, సూర్యుడు అర డిగ్రీ, ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టినా ఫ్రేమ్ దాటి పోడు. పైగా ట్రాకర్ తీసుకెళ్తే హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీలకి పెట్టుకున్న వెడ్జ్‌ని (ట్రాకర్‌ని వాలుగా నిలబెట్టే స్టాండు) అక్కడి అక్షాంశం 42కి మార్చాలి, పగలు ధ్రువ నక్షత్రం కనపడదు కాబట్టి దిక్సూచితో అలైన్ చెయ్యాలి, అంత శ్రమ ఎందుకు చెప్పు.

అక్కడ గ్రహణం రాత్రి ఎనిమిదిన్నరకి, సూర్యుడు పడమట 8 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, చెయ్యి చాపి పిడికిలి పెడితే దాని కన్నా తక్కువ. పడమర వైపు కొండ గానీ చెట్టు గానీ అడ్డం లేని చోటు చూసుకోండి, ఒకరోజు ముందే అదే టైంకి వెళ్లి నిలబడి చూసుకోండి. సోలార్ ఫిల్మ్ (లెన్స్ ముందు పెట్టే సూర్యుడి ఫిల్టర్) మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి హ్యాండ్ లగేజీలోనే ఉంచుకో, సూట్‌కేస్ రాకపోయినా అది చేతిలో ఉంటుంది.

రిఫ్రాక్టర్_హైద్

అక్కా, అందరికీ చాలా చాలా థాంక్స్. ట్రాకర్, పెద్ద బ్యాటరీ రెండూ మానేస్తున్నా. ఇంకొక్క డౌట్, మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి మాడ్రిడ్ వెళ్తాం, కస్టమ్స్ ఎక్కడ?

జవాబు: పాలపుంత

చేతిలో ఉన్న బ్యాగుకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో, చెక్-ఇన్ చేసిన దానికి మాడ్రిడ్‌లో. రెండు చోట్లా అడగొచ్చు కాబట్టి లిస్టు ప్రింట్ ఒకటి చేతి బ్యాగులో, ఇంకొకటి సూట్‌కేస్‌లో పెట్టండి. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఒరిజినల్ మాత్రం పాస్‌పోర్ట్‌తో పాటే ఉండాలి, తిరిగొచ్చాక శంషాబాద్‌లో రెడ్ చానల్లోకి (సామాను డిక్లేర్ చేసేవాళ్ల దారి) వెళ్లి మీరే చూపించండి, వాళ్లు పిలిచేదాకా ఆగొద్దు.