ఒకసారి ఇచ్చిన దాతలు మళ్లీ పలకడం లేదు, మా గ్రంథాలయానికి ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. మాది పల్నాడులో చిన్న మున్సిపాలిటీ. మా శాఖా గ్రంథాలయం కోసం రెండేళ్ల కిందట కొందరం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టి చందాలు పోగుచేశాం. మొదటి ఏడు బాగానే వచ్చాయి. ఫ్యాన్లు, కుర్చీలు, గ్రూప్స్‌కి చదివే పిల్లలకు పుస్తకాలు కొన్నాం. ఈ ఏడు సగం మంది మెసేజ్ చూసి కూడా పలకడం లేదు. ఫోన్ చేయాలంటే నాకే మొహమాటం. పైకప్పు కారుతోంది, వానలు పడేలోపు ఏదో ఒకటి చేయాలి. నేను రిటైరైన టీచర్ని, ఈ చందాల వ్యవహారం కొత్త.

తెనాలి నుంచి:
మాస్టారూ, ముందు ఒక్కటి చెప్పండి. డబ్బు అందాక వాళ్లకు ఏం చెప్పారు?

అడిగినవారు:
గ్రూపులో పేర్ల లిస్టు, కింద దండం బొమ్మ పెట్టామండీ.

తెనాలి నుంచి:
అక్కడే పోయింది. మేమూ నాలుగేళ్లు అదే చేశాం. ఇప్పుడు ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టాం, మనిషికో పేజీ. ఎంత ఇచ్చారన్నది పైన ఓ మూల. మిగతా పేజీ అంతా ఆ మనిషి సంగతులే: ఎవరి పేరు మీద ఇచ్చారు, ఆ ఇంట్లో ఎవరు ఇక్కడ చదువుకున్నారు, ఆఖరున ఎప్పుడు మాట్లాడాం.

ఒకావిడ భర్త రోజూ సాయంత్రం పేపర్లు చదవడానికి వచ్చేవారు, ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీలోనే. ఆయన పోయాక ఆవిడ అయిదు వేలు ఇచ్చారు. దాంతో కొన్న పుస్తకాల మొదటి పేజీలో ఆయన పేరు రాశాం. వాటిలో ఒకదాన్ని ఇంటర్ చదివే అమ్మాయి తీసుకెళ్లిన రోజు, రిజిస్టర్లో ఆ వరుస ఫోటో తీసి, అమ్మాయి పేరు కనబడకుండా చేసి ఆవిడకు పంపాం. ఇంకేమీ అడగలేదు. ఆర్నెల్లకి ఆవిడే ఫోన్ చేసి "పేపర్ల బిల్లు నెలకెంత అవుతుంది బాబూ" అన్నారు. అప్పట్నుంచీ ఒక పేపరు ఖర్చు ఆవిడే చూసుకుంటున్నారు.

మా కమిటీ పెట్టుకున్న లెక్క ఇది: ఏమీ అడగకుండా మూడుసార్లు కబురు చెప్పాకే ఒకసారి అడగడం. అదీ గ్రూపులో కాదు, మనిషిని మనిషి అడగాలి. ఏడాదికోసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా వంద ఇచ్చేవాళ్లు మాకు ఎక్కువ కాలం నిలిచారు. ఇక పుస్తకాలే ఇస్తామంటే మాత్రం ముందు లిస్టు చూడండి, లేకపోతే పాత సిలబస్ గైడ్లన్నీ మీ బీరువాలోకి వచ్చి పడతాయి. మాకు రెండు బస్తాలు వచ్చాయి!

డాలస్ నుంచి:
ఇచ్చేవాడి వైపు నుంచి చెబుతాను. నాన్న సంవత్సరీకానికి మా ఊరి గ్రంథాలయానికి పది వేలు పంపాను. ఏం కొన్నారో ఇప్పటికీ తెలియదు. మరుసటేడు సరిగ్గా అదే వారం "సార్, ఈ ఏడు కూడా..." అని ఫోన్. డబ్బు ఇవ్వలేక కాదు, మనసు రాలేదు.

ఇంకొక జాగ్రత్త. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. నాది ఇంకా మన పాస్‌పోర్టే కాబట్టి ఇబ్బంది లేదు. మా అన్నది అమెరికా పౌరసత్వం. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం ఆయన దగ్గర విరాళం తీసుకోకూడదు. తీసుకునేముందే అడిగి తెలుసుకోండి.

మున్సిపల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకరు:
అందరూ చందాల గురించే మాట్లాడుతున్నారు. మాస్టారూ, మీ ఇంటిపన్ను రశీదు తీసి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. స్థానిక సంస్థ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలవుతుంది కానీ జమ దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోతుంటుంది. నేను పనిచేసిన చోట కూడా జీతాలకీ కరెంటు బిల్లులకీ పోయాక ఏమన్నా మిగిలితే చూద్దాం అనేవాళ్లు.

పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి సమాచార హక్కు కింద మూడే మూడు అంకెలు అడగండి: గత మూడేళ్లలో ఏడాదివారీగా సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, బకాయి ఎంత. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితం చేతికొచ్చాక మీ దాతలను డబ్బు అడగకండి, సంతకం అడగండి. వంద మంది పన్ను కట్టేవాళ్లు కలిసి కౌన్సిలర్ దగ్గరికి వెళితే ఆ లెక్క వేరు. నిరుడు వంద రూపాయలు ఇచ్చినవాడికి కూడా ఈ ఏడు ఒక పని ఉంటుంది.

పైకప్పు మాత్రం సొంతంగా ముట్టుకోకండి. భవనం ఎవరిదో చూసుకోండి, జిల్లా సంస్థదైతే వాళ్ల అనుమతి రాతలో ఉండాలి.

తెనాలి నుంచి:
ఈ సెస్సు సంగతి మేమూ ఆలస్యంగానే తెలుసుకున్నాం. డబ్బు ఇప్పుడు ఎవరి ఖాతాలో పడుతోంది మాస్టారూ?

అడిగినవారు:
నా ఖాతాలోనేనండీ.

తెనాలి నుంచి:
వెంటనే ఆపండి. మీ మీద నమ్మకం లేక కాదు, రేపు ఎవరైనా ఒక మాట అంటే పడాల్సింది మీరే. ఏడుగురు సభ్యులుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇద్దరు సంతకాలు పెడితేనే డబ్బు తీయగలిగేలా ఖాతా తెరవండి. 80జీ, అంటే దాతలకు ఆదాయపన్నులో వచ్చే మినహాయింపు కోసం ఇప్పుడే కంగారు పడొద్దు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఆ మినహాయింపు ఎలాగూ రాదు. వీలైతే ఓ ఆదివారం మీ కమిటీని వేటపాలెం తీసుకెళ్లండి. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడ ఇంకా నడుస్తోంది, పాత పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వస్తారు.

అడిగినవారు:
ఇంటిపన్ను రశీదు తీశాను. గ్రంథాలయ సెస్సు వరుస నిజంగానే ఉంది, ఇన్నేళ్లూ చూడనే లేదు! రేపు పోస్టాఫీసుకి వెళ్తాను. సాయంత్రం నోటుబుక్కు మొదలుపెడతాను. మొదటి పేజీ ఎవరిదో కూడా అనుకున్నాను: మా గ్రంథాలయం ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన. రెండు వందలు ఇచ్చాడు, ఆయన పేరు లిస్టులో పెట్టడం మరిచిపోయాం.