పట్టుచీరల కొట్టుకు వెబినార్ పనికొస్తుందా, దండగా?

పట్టుబజార్ (బరంపురం)

మాది ఒడిశా బరంపురంలో పట్టుచీరల కొట్టు, తాతగారి నాటిది. ఇప్పుడు కొట్లో కూర్చుని అమ్మేదానికన్నా విశాఖ, విజయనగరం, హైదరాబాద్ బొటిక్‌ల వాళ్లకు పదేసి, ఇరవయ్యేసి చీరలు పంపడం మీదే గడుస్తోంది. వాళ్లందర్నీ కూడగట్టి వెబినార్, అంటే నెట్‌లో లైవ్ సభ, పెడదామని మా అబ్బాయి పోరు. బరంపురం పట్టు ప్రత్యేకత ఏమిటి, ఫోడా కుంభం అంచు ఎలా పడుతుంది, అసలు పట్టును ఎలా పోల్చుకోవాలి, ఇవన్నీ మగ్గం దగ్గరే చూపిద్దామంటాడు. మా తమ్ముడు మాత్రం "వాట్సాప్‌లో ఫోటో పెడితే కొనేవాడు కొంటాడు, కొననివాడికి గంటసేపు పురాణం చెప్పినా కొనడు" అని కొట్టిపారేస్తున్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. చేస్తున్నవాళ్లూ, చేసి మానేసినవాళ్లూ చెప్పండి. ఏమేం కావాలి, ఎంతవుతుంది, తిరిగొస్తుందా?

గంజాం గాలి (ఛత్రపురం)

మీ తమ్ముడికే నా ఓటు. మాది మోటారు పంపుల డీలర్‌షిప్. ఒక ఏజెన్సీ వాళ్లొచ్చి వెబినార్ పెడితే రైతులు, ప్లంబర్లు విరగబడతారన్నారు. డబ్బులు ముందే పట్టుకెళ్లారు. పేర్లు రాయించుకున్నవాళ్లు బోలెడుమంది, తీరా ఆ సాయంత్రం కూర్చున్నది గుప్పెడుమంది, అందులోనూ కొందరు మా కంపెనీ వాళ్లే. ఉచితం అంటే పేరెవరైనా రాయిస్తారండీ. కెమెరా కట్టేసి అన్నం తింటున్నారో, నిద్రపోతున్నారో మనకేం తెలుసు? ఆ డబ్బుతో ఆటోకి మైకు కట్టి సంతల్లో తిప్పితే నాలుగు పంపులు అమ్ముడయ్యేవి.

రాయగడ అకౌంట్స్

ఛత్రపురం అన్నగారి కోపం సబబే, కానీ తప్పు వెబినార్‌ది కాదు. ఆ రోజు ఆ రైతుకి మీ దగ్గర నేర్చుకోవలసిందేమీ లేదు.

నా పని జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు. క్లయింట్లు గుణుపురం, కోరాపుట్, జయపురం అంతా చెదిరి ఉన్నారు. జయపురం వ్యాపారి ఒక సందేహం కోసం నా ఆఫీసుకొస్తే ఘాట్ రోడ్డు మీద ఒక పూట పోతుంది, కొట్టు మూత. పైగా అందరి సందేహమూ ఒకటే: "నేను కొన్న సరుకు బిల్లు జీఎస్టీ పోర్టల్‌లోని 2బి పట్టీలో ఎందుకు కనిపించట్లేదు, కొన్నప్పుడు కట్టిన పన్నుకి క్రెడిట్ ఎందుకు రాలేదు?" ఒకే జవాబు ఫోన్‌లో రోజంతా చెప్పి గొంతు పోగొట్టుకునేదాన్ని. నెల నెలా 2బి స్టేట్‌మెంట్ 14న తయారవుతుంది, పన్ను లెక్క చూపించే 3బి రిటర్ను మామూలుగా 20 లోపు వేయాలి. నా వెబినార్ ఆ మధ్యలోనే పెడతాను. ఆ వారంలో ఎవరికీ నిద్ర రాదు, పిలవకపోయినా వస్తారు. అదే 25న పెట్టిచూడండి, నేనూ గోడా మిగులుతాం.

దానివల్ల నాకు ఫీజు నేరుగా ఏమీ రాదు. కానీ విన్నవాళ్లు తమ బావమరిదికి, పక్క కొట్టాయనకి చెబుతారు. కొత్త క్లయింటు నా దగ్గరికి వచ్చేసరికే నన్ను నమ్మి వస్తాడు, బేరం ఆడడు. వెబినార్ లాభమంటే నా లెక్కలో అదే.

గంజాం గాలి (ఛత్రపురం)

మీది పన్ను అమ్మా, తప్పదు గనక వస్తారు. చీర గురించి వినకపోతే ఎవరికి నోటీసు వస్తుంది?

అంచు–పమిట (హైదరాబాద్, పుట్టిల్లు బరంపురం)

నోటీసు రాదు గానీ కస్టమర్ వస్తుంది. నాది చిన్న బొటిక్. చీర చేతిలోకి తీసుకోగానే ఆవిడ అడిగే మొదటి మాట "ఇది ప్యూరేనా?" రెండోది "కంచికి దీనికి తేడా ఏంటి?" నేనేమో సరుకు పంపినాయన చెప్పిన రెండు ముక్కలు అప్పజెబుతాను. పవర్‌లూమ్ నకళ్లు పక్కవీధిలోనే సగం ధరకు వేలాడుతుంటే ఆ రెండు ముక్కలు చాలవు.

కాబట్టి అన్నయ్యగారూ, మీరు పెడితే నేను తప్పక కూర్చుంటాను, కొన్ని షరతుల మీద. మీ కొట్టు చరిత్ర ఐదు నిమిషాలకు మించకూడదు, తాతగారంటే గౌరవమే, అయినా. నిలువు పడుగులోంచి ఒక పోగు, అడ్డం పేకలోంచి ఒక పోగు తీసి మా కళ్లముందే వెలిగించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి, వేళ్లతో నలిపితే బూడిద పొడిపొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. వాసన మాకు రాదు, బూడిద నలిపేది మాత్రం దగ్గరగా చూపించండి. తర్వాత చీర తిప్పి వెనకవైపు. ఆ తర్వాత సెంట్రల్ సిల్క్ బోర్డు వాళ్లు 2004లో మొదలెట్టిన సిల్క్ మార్క్ లేబుల్, దాని హోలోగ్రామ్ ఎక్కడ చూడాలో. ఈ మూడూ నేర్చుకుంటే నేను నా కస్టమర్‌కి మీ చీరను మీకన్నా బాగా అమ్ముతాను. వాట్సాప్ ఫోటో నాకు ఇవేవీ నేర్పలేదు.

ఇంకోటి, ఆదివారం సాయంత్రం పెట్టకండి. మా బేరాలన్నీ అప్పుడే. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడింటికైతే కొట్లో ఈగలు తోలుకుంటూ ఉంటాం.

వైరింగ్ మాస్టారు (పర్లాకిమిడి)

చేయాలా వద్దా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. చేస్తే ఏం కావాలో నేను చెబుతాను. పెళ్లిళ్ల లైవ్‌లు ఇచ్చేది మేమే.

మొదట నెట్. అందరూ స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. మీకు కావలసింది అప్‌లోడ్, అంటే మీ నుంచి బయటికి వెళ్లే వేగం. గ్రూప్ కాల్‌లో 1080పి వీడియో పంపాలంటే 3.8 ఎంబీపీఎస్ కావాలని జూమ్ వాళ్లే రాశారు. అంటే ఐదారు నిలకడగా వస్తేనే దిగండి. పరీక్ష కూడా కొట్లో కాదు, మగ్గం ఉన్న గదిలో, మీరు పెట్టబోయే వేళకే చేయండి. రౌటర్ ముందుగదిలో, మగ్గం వెనకగదిలో ఉంటుంది, మధ్యలో రెండు గోడలు. లాన్ కేబుల్ లాగండి, వందల్లో పని. రౌటర్‌కీ ఇన్వర్టర్ లైన్ ఇవ్వండి. ఇన్వర్టర్ ఉందని ధైర్యంగా కూర్చుంటారు, కరెంటు పోగానే ఫ్యాను తిరుగుతుంది, రౌటర్ ఆరిపోతుంది. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌కి సిద్ధంగా పెట్టుకోండి.

వెలుగు. పట్టు అంటే మెరుపు, ఆ మెరుపే కెమెరాకి శత్రువు. ఫోన్ కెమెరా చీర మారినప్పుడల్లా రంగునీ వెలుగునీ తనంతట తానే సర్దేస్తుంది, అందుకే ఎర్రచీర పక్కన పెట్టిన మెరూన్ గోధుమరంగు కొడుతుంది. మామూలు కెమెరా యాప్‌లో తెర మీద వేలు నొక్కిపట్టి ఉంచితే ఫోకస్, వెలుగు కదలకుండా ఆగుతాయి. జూమ్‌లో ఆ వీలు ఉండదు గనక వెనక తెల్లగుడ్డ కట్టి, చీర మార్చినా అది ఫ్రేములో ఎప్పుడూ కనిపించేలా చూడండి. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి. పసుపు బల్బూ, తెల్ల ట్యూబ్‌లైటూ రెండూ కలపొద్దు.

చప్పుడు. కాలర్ మైకు పెట్టుకోండి, తప్పదు. కానీ మగ్గం చూపించేటప్పుడు ఒక చిక్కుంది. పలకల చప్పుడు, నాడె కొట్టుకునే చప్పుడు జూమ్‌కి గోల కింద లెక్క, దాన్ని నొక్కేస్తుంది. చూసేవాడికి మూకీ సినిమా అవుతుంది. సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్ తగ్గిస్తే ఆ టకటకా వినిపిస్తుంది. చేనేత అని నమ్మించడానికి ఆ చప్పుడుకు మించిన సాక్ష్యం లేదు.

జూమ్ ఉచిత ప్లాన్ 40 నిమిషాలకు కట్టయిపోతుంది, వందమంది దాకా. గూగుల్ మీట్ ఉచితంలో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంట. మీకు 40 నిమిషాలు చాలు, నిజానికి అదే మేలు.

బొడోబజార్ బుల్లోడు

మాస్టారూ, ఉచిత మీటింగ్‌లో ఒక ప్రమాదం చెప్పలేదు మీరు. వచ్చినవాళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి. మన బజార్లో సంగతి తెలిసిందేగా, పక్క కొట్టాయన మారుపేరుతో చేరి మీ బొటిక్‌ల జాబితా మొత్తం రాసుకుపోతాడు. చాట్ తెరిచి ఉంచితే "మా దగ్గర రెండొందలు తక్కువ" అని విడిగా మెసేజ్ కూడా పెడతాడు.

వైరింగ్ మాస్టారు (పర్లాకిమిడి)

నిజమే, జూమ్‌లో మీటింగ్ వేరు, వెబినార్ వేరు. వెబినార్ లైసెన్సుకి విడిగా డబ్బు కట్టాలి, అందులో వచ్చినవాళ్లకు ఒకరి పేరు ఒకరికి తెలియదు, మనం అనుమతిస్తే తప్ప మాట్లాడలేరు. ఆ డబ్బు వద్దనుకుంటే యూట్యూబ్ లైవ్. లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా అన్‌లిస్టెడ్‌లో పెట్టి, చాట్ కట్టేసి, ప్రశ్నలు మీ వాట్సాప్‌కే పంపమనండి. ఛానల్‌లో లైవ్ మొదటిసారి ఆన్ చేస్తే తెరుచుకోవడానికి 24 గంటలదాకా పట్టొచ్చు, ఫోన్ నుంచి నేరుగా ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ముహూర్తానికి గంట ముందు మొదలెట్టి నాకు ఫోన్ చేయకండి.

రాయగడ అకౌంట్స్

అలాగే అందరి నంబర్లూ తెచ్చి ఒకే వాట్సాప్ గ్రూపులో కలిపేయకండి. బుల్లోడు చెప్పిన ప్రమాదం అక్కడ రెట్టింపు. పైగా ఎదుటివాళ్ల నంబరు దేనికి వాడతామో చెప్పి, సరేనన్నాకే వాడాలన్నది 2023 డేటా రక్షణ చట్టం సారాంశం. ఒకరి నంబరు ఒకరికి కనిపించకుండా అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు చాలు.

బొడోబజార్ బుల్లోడు

ఆహ్వానం సంగతొకటి. ఆంధ్ర, తెలంగాణ బొటిక్‌లకు తెలుగులో రాస్తే సరే. మన వైపు తెలుగువాళ్లున్నారే, సూరత్‌లోనూ భువనేశ్వర్‌లోనూ వ్యాపారాలు చేసుకుంటున్నవాళ్లు, చాలామంది చదువు ఒడియా బడిలోనే. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు చూస్తే తెల్లమొహం. మా పెద్దన్నయ్యకి తెలుగు శుభలేఖ నేనే చదివిపెడతాను. అలాంటివాళ్లకు ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి. కటక్ హోల్‌సేల్ వాళ్లకు విడిగా ఒడియాలో ఇంకో రోజు. ఒకే గంటలో రెండు భాషలూ కలిపితే సగంమంది సగంసేపు గోళ్లు గిల్లుకుంటారు.

తాతయ్య (ఇచ్ఛాపురం)

అంతా బాగానే సెప్పారు బాబూ, మరి దసరా సరుకు కోసం అక్టోబర్లో పెడతారేటి? ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ కాడ తీరం దాటింది 2013 అక్టోబర్ 12న. హుద్‌హుద్ ఇసాపట్నాన్ని ఊడ్చీసింది 2014లో మళ్లీ అదే 12న. తిత్లీ 2018లో 11న. ఆ నెల్లో మన తీరానికి కరెంటే దిక్కుండదు, నీ వైఫై ఎవడిక్కావాల?

అంచు–పమిట (హైదరాబాద్, పుట్టిల్లు బరంపురం)

తాతయ్యగారు నవ్వించినా మాట అసలైంది. అక్టోబర్లో పెడితే తుఫాను రాకపోయినా దండగే, అప్పటికి మా సరుకు నిండిపోయి ఉంటుంది. శ్రావణమాసం చీరలకు ఆషాఢం రాకముందే, దసరా చీరలకు వినాయకచవితి లోపే ఆర్డర్ ఇచ్చేస్తాం. మగ్గం మీంచి చీర దిగడానికే రోజులు పడుతుందిగా.

అప్పడాల అక్క (బరంపురం)

మేము ఆడవాళ్లం కలిసి అప్పడాలు, ఆవకాయ చేసి అమ్ముతాం. మమ్మల్నీ వెబినార్ పెట్టమంటున్నారు. పెట్టాలా?

రాయగడ అకౌంట్స్

వద్దు అక్కా. అప్పడం రుచి చూపించలేరు, వంట నేర్పితే కొనేవాళ్లు తగ్గుతారు. ఫోటో, ధర, ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు, ఇవి వాట్సాప్‌లో చాలు. అప్పడాలకు జీఎస్టీ లేదు గానీ ఆవకాయకు ఉంది. సరుకు ఆంధ్రాకు పంపడం మొదలెట్టే ముందు ఒకసారి నాకు ఫోన్ చేయండి. రాష్ట్రం దాటించి పన్ను పడే సరుకు అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా, కొన్ని మినహాయింపులు తప్ప రిజిస్ట్రేషన్ ఉండాలి.

గంజాం గాలి (ఛత్రపురం)

చూశారా, వెబినార్ల ఆవిడే వద్దంటోంది! సరే పట్టుబజార్ గారూ, మీకు చెప్పడానికి సరుకుందని ఒప్పుకుంటాను, నా పంపులకు లేదు. అయినా ఒక్కటి. చేశాక ఎంతమంది చూశారని కాదు, నెల తిరిగేలోగా ఎన్ని ఆర్డర్లు వచ్చాయో రాయండి. అందులో ఎలాగూ కొనే పాతవాళ్లవి తీసేసి రాయండి.

పట్టుబజార్ (బరంపురం)

అలాగేనండీ, అది న్యాయం. ఆషాఢానికి ముందు ఒక బుధవారం మూడింటికి, యూట్యూబ్‌లో, 40 నిమిషాలు. పోగు కాల్చడం, వెనకవైపు, లేబుల్, తర్వాత మగ్గం. చివర పదిహేను నిమిషాలు ప్రశ్నలకే. రికార్డింగ్ రాలేనివాళ్లకు పంపుతాం.

అంచు–పమిట (హైదరాబాద్, పుట్టిల్లు బరంపురం)

రికార్డింగ్‌లో ధర మాత్రం పలకకండి. పట్టునూలు రేటు పెరిగాక కూడా ఎవరో ఆ వీడియో పట్టుకుని పాతధరకే ఇమ్మంటారు. మా కస్టమర్ చేతిలో పడితే నా పని అయిపోయినట్టే. ధరల జాబితా విడిగా వాట్సాప్‌లో పంపండి.

పట్టుబజార్ తమ్ముడు

అన్నయ్యా, ఇక్కడా నన్నే విలన్‌ని చేశావు, సరే. నాదొక ప్రశ్న, ఇంతమందిలో ఎవరూ అడగలేదు. మగ్గం దగ్గర చూపిస్తామంటున్నారు కదా, నేసే మావయ్యకి చీర లెక్కన కూలి. మైకులూ దీపాలూ సర్దడానికి ఒక పూట, ముందురోజు రిహార్సల్‌కి ఇంకో పూట, మీ 40 నిమిషాలు. ఆయన పని ఆగిన కూలి ఎవరిస్తారు?

పట్టుబజార్ (బరంపురం)

మనమే ఇస్తాం రా. రెండు రోజుల కూలి.

గంజాం గాలి (ఛత్రపురం)

అది కూడా ఖర్చులో వేసి రాయండి మరి.