సొంతంగా గిటార్ నేర్చుకునేవాళ్లకు టైమ్‌టేబుల్ కావాలా, పాటలు వాయించుకుంటూ పోతే చాలా?

ప్రశ్న:
నాలుగు నెలల క్రితం గిటార్ కొన్నాను. మాస్టారు లేరు, వీడియోలే దిక్కు. రోజుకు గంటన్నర చొప్పున టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించాను: అరగంట స్కేల్స్ (స్వరాల వరసలు), అరగంట కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం), అరగంట పాట. రెండు వారాలు తు.చ. తప్పకుండా చేశాను. ఒకరోజు ఆఫీసులో ఆలస్యమై కుదరలేదు. మర్నాడు ఆ బాకీతో కలిపి మూడు గంటలు అనుకునేసరికి గిటార్ ముట్టుకోబుద్ధి కాలేదు. పైగా ఎఫ్ కార్డ్ ఎంతకీ పలకడం లేదు. నెల రోజులుగా గిటార్ మంచం కిందే ఉంది. టైమ్‌టేబుల్ తీసేసి నచ్చిన పాటలు వాయించుకోమంటున్నాడు మా ఫ్రెండ్. మీరేమంటారు?

మొదటి జవాబు:
మీ ఫ్రెండ్ చెప్పిందే సరైనదండీ. జీ, సీ, డీ, ఈ మైనర్ కార్డ్స్ వస్తే చాలు, బోలెడు పాటలు వాయించొచ్చు. మనం వాయిస్తుంటే ఇంట్లోవాళ్లు గొంతు కలిపిన రోజు వచ్చే ఉత్సాహం స్కేల్స్‌తో రాదు.

రెండో జవాబు:
నేను ఒప్పుకోను. మూడేళ్లు పాటలే వాయించాను, బాగా వచ్చేసిందనుకున్నాను. ఒకసారి మా తమ్ముడు పక్కన డోలక్ పట్టుకుంటే తెలిసింది, కార్డ్ మారిన ప్రతిచోటా ఆగిపోతున్నానని. ఒక్కరమే వాయిస్తే పాట మనకోసం ఆగుతుంది, తాళం ఆగదు కదా. సంగీతం క్లాసులో సరళీ వరసలు మూడు కాలాల్లో పాడించేది ఇందుకే. తాళం అలాగే ఉంటుంది, స్వరాల వేగం రెట్టింపవుతుంది.

అయితే గంటన్నర ఎక్కువ, బాకీ తీర్చడం అసలే వద్దు. రోజుకు 15 నిమిషాలు చాలు. ఫోన్‌లో ఒక్క నిమిషం టైమర్ పెట్టి, సీ నుంచి ఎఫ్‌కు ఎన్నిసార్లు శుభ్రంగా మారగలిగానో క్యాలెండర్ గడిలో రాసేవాణ్ణి. మొదటిరోజు 6, మూడు వారాలకు 22. కుదరని రోజు గడి ఖాళీ, అంతే. మిగతా టైమంతా పాటలకే.

ఎఫ్ పలకనిది మీకొక్కరికే కాదు. అది మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) పక్కనే ఉంటుంది కాబట్టి చూపుడువేలు అడ్డంగా వేసి తీగలు నొక్కడం చాలా కష్టం. అదే ఆకారం ఐదో ఫ్రెట్ దగ్గర పట్టండి, ఏ మేజర్ కార్డ్ వస్తుంది. అక్కడ పలికాక ఒక్కో ఫ్రెట్ వెనక్కి రండి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఎఫ్ గురించి మీరు చెప్పింది నిజమే. కానీ గడిలో అంకెలంటే నాకు పరీక్ష మార్కుల్లా టెన్షన్. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే మనిషికి ఇంకో లెక్క అప్పజెప్పకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఐదో ఫ్రెట్ దగ్గర పట్టి చూశాను. ఐదు తీగలు పలికాయి! రెండో తీగ ఒక్కటే మూగగా ఉంది. క్యాలెండర్ సంగతి ఒక వారం చూసి చెప్తాను.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఆ తీగ మీ చూపుడువేలి కణుపు మడతలో పడుతున్నట్టుంది. వేలిని రవ్వంత పైకి జరిపి, బొటనవేలి వైపు అంచు మీదికి ఒరిగించి చూడండి.