స్విచ్ బోర్డుల సందుల్లోంచి వచ్చే వేడిగాలిని మీ ఇళ్లలో ఎలా ఆపారు?

పటమట గృహిణి:
మేము విజయవాడ పటమటలో డాబా కిందనే ఉన్న పై అంతస్తులో ఉంటున్నాము. పడకగదిలో ఏసీ ఉంది కాబట్టి తలుపు కింద సందుకూ కిటికీ రెక్కలకూ రబ్బరు పట్టీలు వేయించాము. అయినా రోహిణీ కార్తెలో మంచం పక్కనున్న స్విచ్ బోర్డు దగ్గర చేయి పెడితే, సాకెట్ రంధ్రాల్లోంచీ ప్లేటు అంచుల్లోంచీ పొయ్యి సెగలాంటి గాలి తగులుతోంది. ప్లేటు పైఅంచున గోడమీద నల్లని చార కూడా పడింది. తుడిస్తే పోతుంది, పది రోజుల్లో మళ్లీ వస్తుంది. చలిదేశాలలో ప్లేటు వెనుక పెట్టే పలుచని ఫోమ్ అట్టలను వాడతారట కానీ, అవి అక్కడి ప్లేట్ల కొలతకు కోసినవి, మన మాడ్యులర్ ప్లేట్లకు సరిపోవు. మన ఇళ్లలో ఈ పని చేయించి ఫలితం చూసినవారు దయచేసి చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, ముందుగా ఏ బోర్డులోంచి గాలి వస్తోందో తేల్చుకోవాలి. గుంటూరులో మా ఇంట్లో తలుపులు, కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాన్లు ఆపి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే వేసి, వెలిగించిన అగరుబత్తిని ఒక్కో ప్లేటు అంచు వెంబడి మెల్లగా తిప్పాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లోపలి గాలిని బయటికి తోసేస్తుంటే ఆ లోటు తీరడానికి ప్రతి సందులోంచీ బయటి గాలి చొరబడుతుంది గనుక, గాలి వచ్చేచోట పొగ చెదిరి వెనక్కి వంగుతుంది. తొమ్మిది బోర్డులలో మూడింటి దగ్గరే పొగ వంగింది. ఆ మూడింటి పైపులూ డాబా మీదికి పోయేవే. మీరు చెప్పిన నల్లని చార ఆ గాలి మోసుకొచ్చిన ధూళే.

భవానీపురం ఎలక్ట్రీషియన్:
22 ఏళ్లుగా ఇళ్ల వైరింగు చేస్తున్నాను. మాస్టారు చెప్పినది నిజం: గాలికి దారి చాలావరకు గోడలో పూడ్చిన పైపే. గోడ చెక్కి పీవీసీ పైపు వేసి, చివర ఇనుప బాక్సు కూర్చోబెడతాము. డిష్ కోసమో, ట్యాంకు మోటారు కోసమో ఆ పైపు డాబా మీదికి తేలితే, ఎండకు కాలిన గాలి దానిలోంచి నేరుగా గదిలోకి దిగుతుంది. అందుచేత బోర్డు కంటే ముందు డాబా మీది పైపు మూతిని చూడండి. అది ఆకాశంకేసి తెరిచి ఉంటే బెండ్ వేసి కిందికి తిప్పించి, తీగల చుట్టూ విద్యుత్ పైపులకోసమే తయారయ్యే, ఎండిపోని డక్ట్ సీల్ ముద్దను నొక్కి పెట్టించండి.

తరువాత ఇనుప బాక్సుకూ గోడకూ మధ్య సందు. తాపీమేస్త్రి బాక్సు చుట్టూ సిమెంటు సరిగా కూరకపోతే ప్లేటు చాటున వేలు దూరేంత ఖాళీ మిగిలిపోతుంది. దానిని సిమెంటుతోనో గోడ పుట్టీతోనో నింపి, పూర్తిగా ఆరాకే ప్లేటు బిగించాలి.

బాక్సు లోపల మాత్రం ఏమీ కూరకండి. స్ప్రే ఫోమ్ కొడితే తీగ మళ్లీ బయటికి రాదు, కనెక్షన్ల వేడి బయటికి పోదు, పైగా అది అంటుకునే పదార్థం. థర్మోకోల్ ముక్క తగిలితే పీవీసీ తీగ తొడుగులోని మెత్తదనం థర్మోకోల్‌లోకి పోయి, తొడుగు పెళుసుబారి పగులుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది. మరొక ముఖ్యమైన మాట: ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా ఆ లైనులో 230 వోల్టులు ఉంటాయి. రెండూ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే ప్లేటు విప్పాలి.

సింగ్‌నగర్ నివాసి:
2024 సెప్టెంబరులో బుడమేరు నీరు ఇంట్లోకి వచ్చినప్పుడు మా కింది బోర్డులన్నీ మునిగాయి. కొత్తవి బిగించేటప్పుడు బాక్సుల చుట్టూ పుట్టీ పెట్టించాము. గాలితోపాటు చీమలు రావడమూ ఆగింది. అయితే ఒక బోర్డులో డాబా పైపును వదిలేసి, కింద బాక్సులోని పైపు నోటినే మూయించాము. తరువాతి వర్షాలకు పైనుంచి దిగిన నీరు పైపులోనే నిలిచి, గోడ చెమ్మగిల్లి సున్నం ఊడింది. కాబట్టి పై మూతిని బాగుచేయకుండా కింది మూతిని మూయవద్దని నా మనవి.

పటమట గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మీరు చెప్పిన వరుసలోనే చేయించాను. డాబా మీద పాత డిష్ పైపు నిజంగానే నోరు తెరిచి ఉంది. దానిని కిందికి తిప్పి మూశాక, సాయంత్రం అగరుబత్తి పొగ ప్లేటు దగ్గర నిటారుగానే లేచింది. ఏసీ సాకెట్ కూడా విప్పి చూడమన్నాను. 16 ఆంపియర్ల సాకెట్‌లో ఒక స్క్రూ వదులై, తీగ తొడుగు అర అంగుళం మేర మాడి గోధుమరంగుకు తిరిగింది. తీగను మంచి భాగం వరకు కత్తిరించి, సాకెట్‌ను మార్పించాము. బోర్డు దగ్గర తగిలే వేడి అంతా గాలిదే అనుకోకుండా, మూయించే ముందు మీరందరూ స్క్రూలను కూడా చూపించుకోండి.