కొత్త నెట్‌వర్క్ మాడ్యూలును స్విచ్చు గుర్తించింది, కానీ ఫైబర్ లింకు రావడం లేదు

ప్రశ్న (అనంతపురం):
నమస్కారమండి. అనంతపురం శివారులోని మా కళాశాలలో సిస్కో కాటలిస్ట్ 9300 స్విచ్చుకు (నెట్‌వర్కులోని యంత్రాలను కలిపే పెట్టె) ఎనిమిది పోర్టుల 10 గిగాబిట్ నెట్‌వర్క్ మాడ్యూలును (అదనపు పోర్టులిచ్చే భాగం) అమర్చాము. సుమారు 600 మీటర్ల దూరంలోని గ్రంథాలయ భవనానికి భూగర్భ సింగిల్ మోడ్ ఫైబర్ (కాంతిని ఒకే దారిలో దూరానికి పంపే గాజుపోగు) ఇదివరకే ఉన్నందున, రెండు చివరలా 1 గిగాబిట్ ఎల్‌ఎక్స్ రకం ఎస్‌ఎఫ్‌పీలు (విద్యుత్ సంకేతాన్ని కాంతిగా, కాంతిని తిరిగి సంకేతంగా మార్చే చిన్న ప్లగ్గులు) పెట్టాము. స్విచ్చులోని భాగాల జాబితా చూపే ‘షో ఇన్వెంటరీ’ ఆదేశంలో మాడ్యూలు, ఎస్‌ఎఫ్‌పీ రెండూ కనిపిస్తున్నా, పోర్టు మాత్రం ‘నాట్ కనెక్ట్’ స్థితిలోనే ఉంటోంది. పక్క పోర్టుకు మార్చినా అంతే. మాడ్యూలును తిప్పి పంపేయమని పైవారు అంటున్నారు. అంతకు ముందు ఏమేమి పరీక్షించాలో దయచేసి తెలియజేయగలరు.

జవాబు (కర్నూలు):
ఇప్పుడే తిప్పి పంపకండి. ఇన్వెంటరీలో రెండూ కనిపిస్తున్నాయి, పోర్టు ‘ఎర్ర్ డిజేబుల్డ్’ (లోపం చూసి స్విచ్చే ఆపేసిన స్థితి) కాలేదు. కనుక స్లాటును, ఎస్‌ఎఫ్‌పీని అనుమానించడానికి ఆధారం లేదు. ఇక చూడవలసింది కాంతి ప్రయాణం. రెండు స్విచ్చుల్లోనూ ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్స్‌సీవర్ డీటెయిల్’ ఇచ్చి ప్రసార, స్వీకరణ శక్తులను ఇక్కడ రాయండి. ఎల్‌ఎక్స్ ఎస్‌ఎఫ్‌పీ సాధారణంగా −9.5 నుంచి −3 డీబీఎం (కాంతి శక్తి కొలత, సున్నాకు ఎంత దిగువన ఉంటే అంత బలహీనం) మధ్య పంపుతుంది. −19 వరకు అందుకోగలదు. కిలోమీటరుకు 0.4 డీబీ నష్టం వేసుకున్నా మీ దూరానికి పావు డీబీ కూడా పోదు, కనెక్టర్లన్నీ కలిపినా రెండున్నర డీబీ దాటకూడదు. −40 దగ్గర చూపితే వెలుగే రావడం లేదని అర్థం, అప్పుడు ఆర్‌ఎక్స్ (స్వీకరణ), టీఎక్స్ (ప్రసార) పోగులను అటూ ఇటూ మార్చి చూడండి. ఫైబర్ కొసలోకి మాత్రం కంటితో చూడవద్దు, 1310 నానోమీటర్ల కాంతి కనపడదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. మా వైపు ప్రసారం −6.1, స్వీకరణ −7.4. గ్రంథాలయం వైపు ప్రసారం −5.8, స్వీకరణ −24.3.

జవాబు (కడప):
ఒక దిశలో సవ్యంగా ఉండి, రెండో దిశలోనే ఇంత నష్టం కనబడటం చాలా విలువైన ఆధారం. మీ రాక్‌లో స్విచ్చు నుంచి ఫైబర్ పెట్టె వరకు ఉన్న ప్యాచ్ కార్డు రంగు చూడండి. నారింజ రంగుదైతే అది మల్టీమోడ్ అయి ఉంటుంది. దాని గర్భం (కాంతి నడిచే నడిమి భాగం) 50 లేదా 62.5 మైక్రాన్లు, భూగర్భ ఫైబరుది సుమారు 9 మైక్రాన్లు. వెడల్పాటి గర్భంలో పరుచుకున్న కాంతి సన్నని దానిలోకి వెళ్ళేటప్పుడు చాలావరకు బయటే పోతుంది. అటు నుంచి వచ్చే కాంతి సన్నని దాని నుంచి వెడల్పాటి దానిలోకి దిగుతుంది కనుక అంతా చేరుతుంది. ఒక చివర సంకేతం అందకపోతే ఆటో నెగోషియేషన్ (రెండు చివరలూ పనితీరుపై తమలో తాము ఒప్పందానికి రావడం) పూర్తికాదు, అందుకే రెండు వైపులా పోర్టు లేవడం లేదు. పసుపు రంగు సింగిల్ మోడ్ కార్డు వేయండి, వేసే ముందు ఎల్‌సీ కనెక్టర్ల కొసలను క్లీనర్‌తో తుడవండి. మన అనంతపురం గాలిదుమ్ములో ఆ పని ఎంతమాత్రం వదలకూడదు.

ప్రశ్నించినవారు:
నారింజ రంగుదేనండి, పాత లింకు నుంచి మిగిలినది. మార్చగానే గ్రంథాలయంలో −7.6 వచ్చింది, లింకు లేచింది. అప్పగించే ముందు ఇంకేమి పరీక్షించాలి?

జవాబు (కర్నూలు):
చాలా సంతోషమండి. అయితే లైటు వెలిగిందని, పింగ్ వెళ్ళిందని సంతకం పెట్టడాన్ని నేను ఒప్పుకోను, ఎందుకంటే పింగ్ పంపే కొద్దిపాటి ప్యాకెట్లతో బలహీనమైన లింకు బయటపడదు. లెక్కలను సున్నా చేసే ‘క్లియర్ కౌంటర్స్’ ఇచ్చి, రెండు భవనాల్లోనూ గిగాబిట్ పోర్టు ఉన్న కంప్యూటర్లు పెట్టి, వేగం కొలిచే సాఫ్ట్‌వేర్ ఐపెర్ఫ్3ను రెండు దిశల్లోనూ కనీసం అరగంట నడపండి. టీసీపీలో (డేటా పంపే సాధారణ పద్ధతి) సెకనుకు 940 మెగాబిట్ల దరిదాపుల్లో రావాలి. తర్వాత ‘షో ఇంటర్‌ఫేసెస్ కౌంటర్స్ ఎర్రర్స్’లో ఎఫ్‌సీఎస్ సంఖ్య (దారిలో చెడిపోయి చేరిన ఫ్రేముల లెక్క) సున్నాగానే ఉండాలి. రెండు చివరల శక్తి రీడింగులను తేదీ వేసి రాక్ తలుపు లోపల అంటించండి. వచ్చే ఏడాది స్వీకరణ మూడు డీబీ తగ్గితే, కనెక్టరు దగ్గర దుమ్మో, ఫైబరు వంపో ఉందని లింకు పడకముందే తెలుస్తుంది. ఆ మాడ్యూలును నడుస్తున్న స్విచ్చులోనే తీసి పెట్టవచ్చు, కానీ మన ఎండాకాలపు పొడి గాలిలో స్థిరవిద్యుత్తు ఎక్కువ కనుక రిస్ట్ స్ట్రాప్ (స్థిరవిద్యుత్తును నేలకు పంపే మణికట్టు పట్టీ) లేకుండా ముట్టుకోవద్దు. మాడ్యూలు తీసేస్తే ఖాళీ స్లాటుకు దాని మూత తప్పక బిగించండి, లేకుంటే లోపలి గాలి దారి మారుతుంది.